ఎత్తు ఎక్కించిన గేరు

ఆదివారం పొద్దున తెల్లాపూర్ నుంచి కొల్లూరు వైపు వెళ్తే, కొత్త లేఅవుట్ల రోడ్ల మీద ఎర్రటి 'ఎల్' అక్షరం అతికించుకున్న కార్లు కనిపిస్తాయి. చాలాచోట్ల ఇళ్ళింకా లేవలేదు, రోడ్లు మాత్రం వెడల్పుగా పడ్డాయి. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి జాగా దొరకదు. కారు ముందుకు ఒక్క ఎగురు ఎగిరి, గజగజ వణికి, ఆగిపోతుంది. పక్క సీట్లో కూర్చున్న నాయనో, అన్నో, డ్రైవింగ్ స్కూలు మాస్టారో అప్పుడు చెప్పేది ఒకే మాట: "క్లచ్ మెల్లగ ఇడువు." మళ్ళీ తాళం తిప్పుతారు. మళ్ళీ మొదలు.

బండి అలా ఆగిపోతే తప్పు తమదేనని నేర్చుకునేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నిజానికి ఆ లోపం పెట్రోలు ఇంజన్‌కు పుట్టుకతోనే వచ్చింది. ఆవిరి ఇంజన్ నిలబడ్డ చోటు నుంచే బలంగా లాగగలదు, అందుకే రైలుకు గేర్లు అవసరం కాలేదు. పెట్రోలు ఇంజన్‌కు ఆ సత్తా లేదు. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ ఉంటేనే దానికి ప్రాణం ఉంటుంది, అంతకు తగ్గితే గుటుక్కున ఆరిపోతుంది. చక్రాలేమో కదలకుండా ఉన్న స్థితి నుంచి మొదలవ్వాలి. జోరుగా తిరుగుతున్న ఇంజన్‌ను, కదలని చక్రాలతో కలపడం ఎలా? ఎత్తు ఎదురైనప్పుడు అదే ఇంజన్ నుంచి ఎక్కువ బలం రాబట్టడం ఎలా? ఈ రెండు చిక్కుముళ్ళు విప్పడానికి మనుషులు పడిన తపనంతా ఇవాళ మన ఎడమ చేతి కింద ఒక చిన్న రాడ్డుగా నిలబడి ఉంది.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండికి ఉన్నది ఒకే వేగం. చదునైన వీధుల్లో అది చక్కగానే నడిచింది. జనం మాత్రం దాన్ని వింత వస్తువుగా చూశారే తప్ప, దూరాలు పోవడానికి పనికొస్తుందని నమ్మలేదు. నమ్మినది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ళ యూజెన్‌ను, 13 ఏళ్ళ రిచర్డ్‌ను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్ల దారి. పెట్రోలు బంకులు లేని కాలం కనుక వీస్లోక్ ఊళ్ళో మందుల షాపులో ఇంధనం కొనుక్కుంది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు కట్టెలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు వేయించింది.

అన్నిటికీ ఉపాయం దొరికింది కానీ ఎత్తులకు దొరకలేదు. ఏటవాలు దారి వచ్చిన చోటల్లా ఇంజన్ చాలక పిల్లలు దిగి బండిని నెట్టవలసి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాక బెర్తా భర్తకు చెప్పిన లోపాల్లో ఇదే పెద్దది. కార్ల్ బెంజ్ ఎత్తు ఎక్కడానికి మరొక గేరు చేర్చాడు. ఇంజనీరు బల్ల మీద గీసిన గీతల్లో బయటపడని అవసరం, ఇద్దరు పిల్లల చెమటలో బయటపడింది. మోటారు చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆ రోజుల్లోనే జర్మనీలో మరో జంట ఇదే చిక్కుతో కుస్తీ పడుతోంది. గాట్‌లీబ్ డైమ్లర్, ఆయన సహచరుడు విల్‌హెల్మ్ మైబాఖ్ కలిసి ఉక్కు చక్రాల బండి ఒకటి చేసి, 1889 పారిస్ ప్రదర్శనకు తీసుకెళ్ళారు. ఈఫిల్ టవర్‌ను ప్రపంచం మొదటిసారి చూసింది ఆ ప్రదర్శనలోనే. ఆ బండిలో నాలుగు వేగాల పళ్ళ చక్రాల గేరు ఉంది. అందరి కళ్ళూ టవర్ మీదే ఉన్నప్పుడు ఆ చిన్న బండిని పట్టించుకున్నవాళ్ళు కొద్దిమంది.

ఇక్కడ కథలో విధి ఒక మలుపు తిప్పింది. పారిస్‌లో ఎడ్వార్డ్ సారజాన్ అనే వకీలు డైమ్లర్‌కు మిత్రుడు. డైమ్లర్ ఇంజన్లను ఫ్రాన్స్‌లో తయారు చేయించే పని ఆయన పెట్టుకున్నాడు. 1887 చివర్లో ఆయన హఠాత్తుగా చనిపోయాడు. ఒప్పందం అక్కడితో ఆగిపోవలసిందే. ఆయన భార్య లూయీజ్ ఆగనివ్వలేదు. డైమ్లర్‌కు ఉత్తరాలు రాసింది, స్వయంగా జర్మనీ వెళ్ళి కలిసింది, హక్కులు సాధించింది. చెక్క కోసే యంత్రాలు తయారుచేసే పాన్‌హార్డ్, లెవస్సోర్ కంపెనీ ఆ ఇంజన్లు తయారు చేసేది. ఆ కంపెనీ భాగస్వామి ఎమిల్ లెవస్సోర్‌ను ఆమె 1890లో పెళ్ళి చేసుకుంది. అలా డైమ్లర్ ఇంజన్ లెవస్సోర్ చేతుల్లో పడింది.

లెవస్సోర్ ఇంజన్‌ను బండి ముందు భాగంలో పెట్టాడు, దాని వెనక క్లచ్, దాని వెనక గేర్లు అమర్చాడు. తరవాత కొన్ని దశాబ్దాల పాటు చాలా కార్లలో నడిచిన వరస అదే. ఆయన గేర్ల పద్ధతి వినడానికి సులువు. రెండు ఇరుసులు పక్కపక్కనే ఉంటాయి. వాటి మీద రకరకాల సైజుల పళ్ళ చక్రాలు. రాడ్డు లాగితే ఒక ఇరుసు మీది చక్రాలు జరిగి, రెండో ఇరుసు మీది చక్రంతో పళ్ళు కలుపుతాయి. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది, ఎత్తు ఎక్కవచ్చు. పెద్దది చిన్నదాన్ని తిప్పితే వేగం పెరుగుతుంది. మొదట్లో ఈ చక్రాలకు మూత కూడా లేదు, దుమ్మంతా వాటిలోనే పడేది. 1895 ప్రాంతంలో వాటిని నూనె నింపిన పెట్టెలో పెట్టారు. మనం ఇవాళ గేర్‌బాక్స్ అనేది ఆ పెట్టెనే.

చిక్కల్లా పళ్ళు కలిసే క్షణంలో ఉంది. రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, గరగరమని ఇనుము ఏడుస్తుంది. ఈ పద్ధతి మోటుదే, అయినా పని చేస్తుంది అని లెవస్సోర్ అన్నాడని మోటారు చరిత్రకారులు చెబుతారు. ఆ మోటు పద్ధతితోనే ఆయన 1895 జూన్‌లో పారిస్ నుంచి బోర్డోకు వెళ్ళి తిరిగొచ్చే 1,178 కిలోమీటర్ల పందెంలో దిగాడు. దారిలో ఒక ఊళ్ళో వేరే డ్రైవరు మారాలని ముందే ఏర్పాటు. లెవస్సోర్ అనుకున్న వేళకన్నా చాలా ముందే ఆ ఊరు చేరడంతో ఆ డ్రైవరు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపే తీరిక లేక తనే నడుపుతూ సాగిపోయాడు. దాదాపు 49 గంటలు ఆయన చేతులే స్టీరింగు కడ్డీ మీద ఉన్నాయి. అందరికన్నా గంటల ముందు పారిస్ చేరాడు. పందెం నియమం ప్రకారం బండికి నాలుగు సీట్లు ఉండాలి, ఆయనదానికి రెండే. మొదటి బహుమతి ఇంకొకరికి పోయింది. గేర్లతో నడిచే పెట్రోలు బండి వందల మైళ్ళు పోగలదన్న నిజాన్ని మాత్రం ఎవరూ తీసుకుపోలేకపోయారు. మరుసటి ఏడాది ఇంకో పందెంలో బండి బోల్తాపడి తగిలిన దెబ్బల నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. 1897లో కన్నుమూశాడు.

ఆయన వదిలిన పనిని ఒక కుర్రాడు అందుకున్నాడు. లూయీ రెనోకు 1898లో 21 ఏళ్ళు. పారిస్ పక్కన బియాంకూర్‌లో తల్లిదండ్రుల తోటలోని షెడ్డులో, ఒక మూడు చక్రాల మోటారు బండిని విప్పి నాలుగు చక్రాల చిన్న కారుగా మార్చాడు. పై గేరులో పోతున్నప్పుడు పళ్ళ చక్రాల మధ్యవర్తిత్వం ఎందుకు, ఇంజన్ ఇరుసును సూటిగా వెనక చక్రాల వైపు కలిపేస్తే పోలేదా అన్నది అతని ఆలోచన. గొలుసు బదులు ఇరుసే వెనక చక్రాలను తిప్పేది. చప్పుడు తగ్గింది, శక్తి వృథా తగ్గింది. 1898 డిసెంబర్ 24, క్రిస్మస్ ముందు రాత్రి. స్నేహితులతో మాటా మాటా పెరిగి, మోన్‌మార్త్ గుట్ట మీదికి పోయే లెపిక్ వీధిని తన బండి ఎక్కుతుందని పందెం కాశాడు. నూరు అడుగులు పోతే పదమూడు అడుగులు ఎత్తు పెరిగే వీధి అది. బండి ఎక్కింది. ఆ రాత్రే 12 మంది తమకూ అలాంటి బండి కావాలన్నారు. కొన్ని వారాలకే ఆ పద్ధతికి పేటెంట్ వచ్చింది. బెర్తా పిల్లలు బండి నెట్టిన పదేళ్ళకు, ఎత్తు మీద మనిషి గెలిచాడు.

1901లో మైబాఖ్ రూపొందించిన మెర్సిడెస్ కారులో గేరు రాడ్డు కదలడానికి జాలీ లాంటి దారి పెట్టారు. అంతకుముందు రాడ్డు ఒకే గీతలో ముందుకూ వెనక్కూ పోయేది, కావలసిన గేరుకు పోవాలంటే మధ్యలోవన్నీ దాటాలి. ఇవాళ గేరు రాడ్డు తల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గీసి ఉండే బొమ్మ ఆ జాలీకి వారసురాలు.

హైదరాబాద్‌కు ఆ గేర్ల చప్పుడు రాజుగారి వాకిట్లోంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, ఆయన 1911లో చనిపోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి అందింది. సింహాసనం లాంటి సీటుతో, పసుపు రంగులో మెరిసే ఆ కారును ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. సామాన్యుడికి మోటారు అందింది మాత్రం 1932లో. నిజాం రైల్వే సంస్థ ఆ ఏడాది 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. స్కాట్లాండ్‌లో చేసిన ఆల్బియన్ బస్సులవి. ఆర్టీసీ ఆ 27 బస్సుల సంతానమే.

ఆ తరం బస్సులనూ లారీలనూ నడపడం ఒక విద్య. గేరు పళ్ళు కొట్టుకోకుండా కలపాలంటే రెండు చక్రాల వేగాన్నీ డ్రైవరే సమానం చేయాలి. కింది గేరుకు దిగాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్క పిసరు ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. డబుల్ క్లచ్ అంటారు దాన్ని. ఎంత ఇవ్వాలో చెప్పే ముల్లు ఎదురుగా ఉండదు. చెవే కొలత. పటాన్‌చెరు మీదుగా బొంబాయి పోయే రోడ్డు మీద బరువు లారీలు తోలినవాళ్ళకు ఈ విద్య ఒంటబట్టింది.

మా ఇంటికి వచ్చిన మొదటి కారు సెకండ్ హ్యాండ్ మారుతి 800, మెదక్ జిల్లా నంబరు ఏపీ 23. నాకు నేర్పింది ఆ రోడ్డు మీద లారీ తోలి రిటైరైన మా వాడకట్టు కాక. ఆయన నా కాళ్ళ వంక చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని కూర్చుని, "ఇంజన్ సప్పుడు ఇను బిడ్డా, గేరు మార్చుమని అదే చెప్తది" అనేవాడు. అప్పుడు తెల్లాపూర్ చుట్టూ పొలాలు, తుమ్మచెట్లు, బీహెచ్ఈఎల్ షిఫ్టుకు పోయే సైకిళ్ళు. సెకండ్ నుంచి థర్డ్‌కు గేరు మెత్తగా జారిన క్షణంలో ఆయన "శభాష్" అంటే కలిగిన ఆనందం, తరవాత ఎంత ఖరీదైన బండి నడిపినా నాకు మళ్ళీ కలగలేదు. గేరు మెత్తగా పడడం నా నేర్పని ఆ రోజు అనుకున్నాను. సగం నేర్పు ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికా ఇంజనీరుదని చాలా ఏళ్ళ తరవాత చదివి తెలుసుకున్నాను.

అమెరికాలో థాంప్సన్ కాలానికి కారు లక్షల్లో అమ్ముడుపోతోంది, గేరు మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంది. హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టి కారులో ఈ గొడవే లేకుండా, కాలితో తొక్కే పెడళ్ళతో రెండు వేగాలు మారే వేరే పద్ధతి పెట్టాడు. రైతులూ పంతుళ్ళూ సులువుగా నేర్చుకున్నారు. కానీ దానికి ఉన్నది రెండు వేగాలే. 1927లో ఆ కారు ఆగిపోయింది, రాడ్డు గేరే నిలిచింది. దాన్ని మచ్చిక చేసుకోవడం తప్ప దారి లేదు.

థాంప్సన్ ఆలోచన వినండి. కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కేవాడు ఏం చేస్తాడు? నిలబడి దూకడు. బస్సు పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, తన వేగమూ దాని వేగమూ ఒకటయ్యాక ఫుట్‌బోర్డు మీద కాలు పెడతాడు. పళ్ళు కలవడానికి ముందు చక్రాలకు కూడా అలాంటి పరుగు పెట్టించాలి. అందుకోసం పళ్ళకు ముందు ఒక చిన్న శంకువు ఆకారపు రాపిడి ముక్కను అమర్చాడు. రాడ్డు నెట్టినప్పుడు మొదట ఆ ముక్కలు ఒరుసుకుని రెండు వేగాలనూ ఒకటి చేస్తాయి. ఆ తరవాతే పళ్ళు కలుస్తాయి. డ్రైవరు చెవితో, కాలితో చేసే డబుల్ క్లచ్ పనిని ఇత్తడి ముక్క చేసేస్తుందన్నమాట. కాగితం మీద ఇది ఒక పేరా, కార్ఖానాలో ఏళ్ళ చాకిరీ. 1922లో పేటెంట్ దొరికింది. కాడిలాక్ కంపెనీ ఆయన్ను సలహాదారుగా పిలిచింది. నమూనా తరవాత నమూనా చేసి చూసి, చివరకు 1928లో సింక్రోమెష్ అనే ఈ గేరున్న కాడిలాక్ మార్కెట్లోకి వచ్చింది. అంతటితో ఆయన ఆగలేదు. క్లచ్చే అక్కర్లేని ఆటోమేటిక్ గేరును రూపొందించిన బృందాన్నీ ఆయనే నడిపాడు. ఆ గేరు 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది.

సింక్రోమెష్ అన్ని గేర్లకూ ఒక్కసారిగా రాలేదు. మొదట పై గేర్లకు వచ్చింది. మొదటి గేరుకు చాలాకాలం రాలేదు. ఆ తరం కార్లను తోలిన మన పెద్దవాళ్ళు, బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్ట్ గేరు వేయొద్దని పట్టుబట్టడానికి కారణం అదే. అంబాసిడర్లో, ఫియట్‌లో గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది కాబట్టి ముందు సీట్లో ముగ్గురు కూర్చునేవారు. పెళ్ళి ప్రయాణాల్లో అది ఎంత సౌకర్యమో ఆ కాలం వాళ్ళను అడగాలి. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చి రాడ్డును మళ్ళీ నేల మీదికి దించింది. 796 సీసీల చిన్న ఇంజన్, నాలుగు గేర్లు. ఆడవాళ్ళు ఎక్కువగా స్టీరింగు పట్టుకున్నది ఆ బండితోనే అని నా నమ్మకం.

మన పాత మెదక్ జిల్లాకు కూడా ఈ కథలో ఒక అధ్యాయం ఉంది. 1980ల దశకంలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, జపాన్ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీల తయారీ మొదలుపెట్టింది. డబుల్ క్లచ్ కష్టాలు పడ్డ డ్రైవర్లకు జపాన్ గేర్లు వెన్నలా అనిపించాయి. యెన్ విలువ పెరిగి విడిభాగాలు భారమయ్యాయి, దశకం చివరికి కంపెనీ మహీంద్రా చేతికి వెళ్ళింది. బొంబాయి రోడ్డు మీద గేర్ల బండ్లు పుట్టే ఊరుగా జహీరాబాద్ పేరు మాత్రం పోలేదు.

2014 చిత్రమైన సంవత్సరం. జనవరిలో మారుతి 800 తయారీ ఆగింది. ఫిబ్రవరిలో మారుతి సెలెరియో కారు, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ యంత్రమే చూసుకునే ఏర్పాటుతో, మధ్యతరగతికి అందే ధరలో వచ్చింది. మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగింది. ఐదు నెలల్లో ఒక యుగం ముగిసి ఇంకొకటి మొదలైంది. ఇప్పుడు తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఎలక్ట్రిక్ కార్లు ఛార్జింగులో ఉంటున్నాయి. కరెంటు మోటారు నిలబడ్డ చోటు నుంచే బలంగా లాగుతుంది కాబట్టి వాటికి క్లచ్ లేదు, ఉన్నది ఒకే గేరు. జహీరాబాద్‌లో ఇప్పుడు ఎలక్ట్రిక్ ఆటోలు తయారవుతున్నాయి. తెల్లాపూర్ నుంచి సంగారెడ్డి పోయే దారిలో కంది దగ్గర, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో 2022 జులై నుంచి డ్రైవరే లేని బండ్లను పరీక్షించే మైదానం ఉంది.

అందుకే చెబుతున్నాను. మీ ఇంట్లో క్లచ్ ఉన్న బండి ఇంకా ఉంటే, ఎక్స్చేంజికి ఇచ్చేముందు పిల్లలకు ఒకసారి నేర్పించండి. ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టి, చేయి కుదిరాక నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎత్తు మీదికి తీసుకెళ్ళండి. మీ వాడకట్టులో ఆర్టీసీలోనో లారీ మీదో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటే ఆయన్ను పక్క సీట్లో కూర్చోబెట్టండి. ఇంజన్ చప్పుడు విని గేరు మార్చే ఆ విద్య ఆయన దగ్గర ఉంది, నేర్పడానికి ఆయనకు తీరికా ఉంది.